కాలువకు అవతలి గట్టు మీద అక్క

అక్క పోయిందని ఆమె తమ్ముడే ఫోను చేసి చెప్పాడు. "సెల్లమ్మా, అప్ప మరి నేదే. పొద్దుట పాలు పితికించి కుర్చీలో కూకుంది. టీ తెచ్చేసరికి తల వాల్చీసింది," అన్నాడు. అతని వెనక పాలక్యాన్ల చప్పుడు వినిపిస్తోంది. ఇంట్లో ఎవరు పోయినా ఆ పూట పాలు తీయక తప్పదు.

అక్క అంటే నా తోబుట్టువు కాదు, మా పెద్ద తోటికోడలు. అనకాపల్లి నుంచి మునగపాక వైపు వెళ్లే దారిలో, చెరకు తోటల మధ్య మా అత్తవారి పశువుల శాల ఉండేది. మగవాళ్లు చెరకు చూసుకునేవారు. శాల మొత్తం అక్కదే. టౌనులో పుట్టి పెరిగి, గేదె తల తిప్పితే నాలుగడుగులు వెనక్కి వేసే నాకు పాలు పితకడం నేర్పింది ఆమే.

పితికే ముందు ప్రతి చన్ను నుంచీ మొదటి ధారను నల్లటి కొబ్బరి చిప్పలోకి తీసి, వెలుగుకేసి వంచి చూసేది. పాలు విరిగినట్టు చిన్న పలుకు కనిపించినా, పొదుగుకు జబ్బేమోనని ఆ ఆవును అన్నిటికన్నా చివర పితికేది. దాని పాలు క్యానులో కలవనిచ్చేది కాదు. ఇన్ని పాలు పారబోస్తే ఏం మిగులుతుందని నేనొకసారి అడిగాను. "లాబం అంటే పాలు ఎక్కువ తియ్యడం కాదే. మందుల కొట్టుకి ఎల్లకుండా ఉండడం," అంది. పాలిచ్చేదానికి ఒక మేత, వట్టిపోయినదానికి ఒక మేత, చూలుతో ఉన్నదానికి మరొకటి. ఏ ఆవు ఎంత నీళ్లు తాగిందో కూడా గమనించేది. "గొడ్డు సెప్పదు కదే, మనమే అడగాల," అనేది.

మా ఊళ్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ఆ వానాకాలం చుట్టుపక్కల గాలికుంటు వచ్చింది. నోట్లో, గిట్టల సందుల్లో పొక్కులు లేచి, పశువు మేత మానేసి చొంగ కారుస్తుంది. పెద్దవి బతికినా పాలు పోతాయి, చూలు పోతుంది. దూడలైతే పడుకున్నవి మళ్లీ లేవవు. మనుషుల చేతులకూ బట్టలకూ అంటుకుని కూడా పాకుతుంది. మా పశువులకు టీకా వేయించి ఎన్నో రోజులు కాలేదు. అది ఒంటికి పట్టేదాకా బయటి గొడ్డును రానివ్వొద్దని పశువుల డాక్టరుగారు హెచ్చరించారు. అక్క గేటు మూసేసి, గేటు ముందు సున్నం చల్లించింది. పాలవ్యాను రోడ్డు మీదే ఆగాలంది. క్యాన్లు మేమే మోసుకెళ్లేవాళ్లం, తిరిగొచ్చినవాటిని మరిగే నీళ్లతో కడిగేవాళ్లం. రోజూ ఏదో ఒక ఊరి నుంచి గొడ్లు పడిపోతున్నాయన్న కబురు వచ్చేది. అన్నం తింటున్నా మా చెవులు శాల వైపే ఉండేవి.

ఒక మధ్యాహ్నం ముసురులో నాతవరం వైపు నుంచి ఒక ట్రాలీ ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. అందులో అక్క తమ్ముడు, అతని చూలావు.

"అప్పా, గేటు తియ్యి. మా ఊళ్లో గొడ్లన్నీ పడిపోతన్నాయి. దీన్ని నీ సాలలో కట్టీ."

"దాన్ని దించకురా," అంది అక్క.

"దీనికేటీ నేదే. బాగా మేత్తంది, సూడు."

"ఇయ్యాల మేత్తాది. రేపు?"

"నాకున్నది ఇదొక్కటే. అక్కడుంటే సచ్చిపోద్ది. నీ గొడ్లేనా గొడ్లు?"

మా బావగారు వెనక నుంచి, "తమ్ముడు కదే, రానీ," అన్నారు. అక్క చెయ్యి గేటు గడియ మీదే ఉంది. తీస్తుందేమోనని నేను ఆ గడియనే చూస్తున్నాను.

"అమ్మే ఉంటే నువ్విలాగ సేద్దువా?" అన్నాడు తమ్ముడు.

అక్క గడియ తీసింది. తను బయటికి వెళ్లి, వెనక్కి తిరిగి గేటు మూసేసింది. "పద. కాలవ అవతల జీడితోటలో కడదాం. దాని కాడ నేనుంటాను," అంది. తర్వాత నాతో, "సెల్లీ, ఇక సాల నీదే. నువ్వు ఇటు రాకు. మద్దిలో నేనొచ్చినా గేటు తియ్యకు," అంది.

ఆవును తోటలో కట్టి, తమ్ముడు ఆమెతో మాట్లాడకుండానే వెళ్లిపోయాడు. మర్నాటికే ఆ ఆవు చొంగ కార్చడం మొదలుపెట్టింది.

అక్క జీడితోట కాపలా పాకలోనే ఉండిపోయింది. బావగారు అన్నం క్యారేజీ కాలువకు నీళ్లు వదిలే మదుము దిమ్మ మీద పెట్టి వచ్చేవారు. ఇవతల నేను రోజూ ప్రతి పశువు నోరూ, కాళ్లూ చూసుకుంటూ బిక్కుబిక్కుమంటూ గడిపాను. ఒక ఉదయం మా ఎదిగిన పెయ్య మేత ముట్టకుండా నిలబడి ఉంది. మూతి నుంచి తీగలు తీగలుగా చొంగ. నేను కాలువ దగ్గరకు పరిగెత్తాను.

"అక్కా! పెయ్య చొంగ కారుస్తోంది!"

అవతలి గట్టు మీద నుంచి ఆమె గబగబా కాలువలోకి దిగింది. మోకాలి లోతు నీళ్లలోకి వచ్చాక ఠక్కున ఆగిపోయింది. అక్కడి నుంచి ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు.

"కుంటతందా?"

"లేదక్కా."

"సెవి పట్టుకుని సూడు, ఎచ్చగుందేమో. నోరు తెరిసి, నాలిక పక్కకి లాగి సిగుళ్లు సూడు. బయపడకు. ఎల్లు!"

పెయ్య చెవి చల్లగానే ఉంది. దాని నోరు తెరిచాను. పొక్కులు లేవు. పంటి చిగురులో అడ్డంగా ఒక చెరకు ఆకు ఈనె దిగి ఉంది. లాగేసరికి కాస్త రక్తం వచ్చింది. ఆ ఈనె పట్టుకుని మళ్లీ పరిగెత్తాను.

"పొక్కుల్లేవక్కా! ఈనె గుచ్చుకుంది!"

ఆమె ఇంకా ఆ నీళ్లలోనే ఉంది. నా మాట విన్నాక ఉన్నచోటే, చీరతో సహా, పారే నీళ్లలో కూర్చుండిపోయింది. అక్క భయపడటం నేను చూసింది అప్పుడే. అక్కడి నుంచే, "సేతులు సబ్బెట్టి కడిగేవా?" అని అరిచింది.

ఆవుకు జబ్బు చేసిందని తెలిసి తమ్ముడు తిరిగొచ్చాడు. అప్పటికి అక్క పటిక నీళ్లతో ఆవు నోరు కడిగి, రాగిజావ చేత్తో తాగిస్తోందట. "అప్పా, ఆ రోజు నోరు జారేను," అన్నాడట. "ముందు ఆ కాలట్టుకో. గిట్ట కడగాల," అందట ఆమె. ఈ సంగతి అతనే తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు.

ఆ ఆవు బతికింది, చూలు మాత్రం పోయింది. మా శాలలో ఒక్కదానికీ జబ్బు రాలేదు. ఊళ్లో వాళ్లు అక్క ముందుచూపును మెచ్చుకుంటే, "ఆడి దూడ పోయింది కదా," అనేది. కొన్నాళ్లకు తమ్ముడు ఆ ఆవుతో సహా వచ్చి ఆమె దగ్గరే పనిలో కుదురుకున్నాడు. మేం అనకాపల్లి వచ్చేశాక శాల పనిలో ఆమెకు తోడు అతనే.

ఆమె శాలకు తిరిగొచ్చిన సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. డాక్టరుగారు సరేనన్నాక, తోటలో కట్టుకున్న చీరలు అక్కడే కాల్చేసి, బోరు దగ్గర తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. అన్నం తినమంటే వినలేదు, నేరుగా శాలలోకి నడిచింది. ఎంత రుద్దుకున్నా మందుల వాసన పోలేదేమో, ఆవులు ముక్కులెగరేసి వెనక్కి జరిగాయి. ఆమె ఎవరినీ పిలవలేదు. చేతులు కిందికి వదిలేసి మధ్యలో నిలబడింది. చివరికి ఒక ముసలి గేదె మెడ చాచి, వాసన చూసి, ఆమె మోచేతిని నాకడం మొదలుపెట్టింది. ఆ గరుకు నాలిక మోచేతి నుంచి మణికట్టు దాకా, మళ్లీ మోచేతి దాకా వెళ్తోంది. అది తనంతట తాను ఆపేదాకా అక్క కదలకుండా అలాగే నిలబడి ఉంది.