మిరియానికి పడ్డ ముడులు

నిన్న మా ఎల్బీనగర్ అపార్ట్‌మెంట్ లిఫ్టులో, పక్క ఫ్లాట్ కాలేజీ అమ్మాయి వెంట వచ్చిన బొచ్చు కుక్కపిల్ల, వానలో తడిసి నా కాళ్ల దగ్గర ఒళ్లు విదిలించుకుంది. చీర తడిసినందుకు కోపం రావాలి గానీ, ఆ తడి బొచ్చు వాసనకు నవ్వొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి యజమానురాలు యాదమ్మ ఆంటీ, ఆవిడ కుక్క మిరియం గుర్తొచ్చారు.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. తెనాలి నుంచి ఉద్యోగానికి వచ్చి, ఆంటీ మేడమీద గదిలో అద్దెకుండేదాన్ని. ఆవిడది నల్లగొండ పక్క పల్లె. నర్సుగా చేసి రిటైరయ్యారు. పొద్దున్నే మిరియానికి తల దువ్వి, పదింటికల్లా దీక్షా శిబిరంలో కూర్చునేవారు. మిరియం యార్క్‌షైర్ టెర్రియర్. మూడు కిలోలు తూగదు, పొగరు మాత్రం మూడు ఊళ్లకు సరిపోతుంది. ఎలుక వాసన తగిలితే పూలకుండీలు తవ్వేసేది. ఊరేగింపు వస్తే గేటు దగ్గర నిలబడి నాయకులకన్నా గట్టిగా అరిచేది. దాని బొచ్చు పెద్దగా రాలదు, మన జుట్టులా పెరుగుతూనే ఉంటుంది. అందుకే కళ్లలో పడకుండా నెత్తిన పిలక కట్టి, రోజూ దువ్వేవారు.

ఒకసారి ఆంటీ చెల్లెలింటికి వెళ్తూ దాన్ని నాకు అప్పగించారు.

"రెండు దినాలే బిడ్డా. దువ్వుడు మాత్రం మర్వకు."

బంద్‌లతో బస్సులు ఆగి రెండు రోజులు ఐదయ్యాయి. దువ్వెన చూస్తే మిరియం గుర్రుమనేది, నేను భయపడి వదిలేసేదాన్ని. ఆంటీ వచ్చే రోజు పొద్దున, శుభ్రంగా కనబడాలని స్నానం చేయించాను. అక్కడే కొంప మునిగింది. చిన్న చిన్న చిక్కులన్నీ నీళ్లకు బిగుసుకుని, ఆరేసరికి చెవుల వెనక చాపలా అట్టకట్టాయి. కత్తెర తీసుకున్నాను గానీ, ముడి ఎక్కడో చర్మం ఎక్కడో తెలియక పక్కన పెట్టేశాను.

నిజం చెప్పాలంటే నా భయం కుక్క గురించి ఒక్కటే కాదు. ఆఫీసులో, బస్సులో "మీవాళ్లు, మావాళ్లు" అనే మాటలు వింటూ, గది ఎప్పుడు ఖాళీ చెయ్యమంటారోనని బిక్కుబిక్కుమంటూ ఉండేదాన్ని. ఇప్పుడు సాకు నేనే చేతికిచ్చాననుకున్నాను.

ఆంటీ గేటు తీయగానే మిరియం ఎగిరి మీద పడింది. నిమురుతున్న ఆవిడ వేళ్లు దాని చెవి వెనక ఆగిపోయాయి.

"దువ్వకుండ తానం పోసినవా?"

"తప్పయిపోయిందండీ. గది ఖాళీ చేసెయ్యమంటే చేసేస్తాను."

"గది ముచ్చట ఎవలడిగిండ్రు? పోయి కొబ్బరినూనె తీస్కరా."

మెట్ల మీద కూర్చున్నాం. ఆవిడ ముడికి నూనె రాసి, కుదుళ్ల దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని, కొసల నుంచి ఒక్కో వెంట్రుకా విడదీశారు. రెండో చెవి నాకు వదిలారు. నేను ఆత్రంగా లాగాను, మిరియం నా వేలు కొరికింది.

"గుంజకు బిడ్డా. గుంజితే ముడి ఇంక బిగుస్తది. కొసల నుంచి రా."

"మీరు రాష్ట్రం కావాలంటున్నారు కదా ఆంటీ, మరి నేను..."

"రాష్ట్రం అడిగేది సర్కారును. నిన్నేం అడుగుత? జర దాని కాలు వట్టుకో, ఉరుకుతది."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మధ్యాహ్నానికి ఒక్క ముడి తప్ప అన్నీ విడిపోయాయి. దాన్ని ఆంటీయే కత్తిరించి, ఆ బోడి చెవిని కొత్త ఫ్యాషనని వాడంతా చెప్పుకొచ్చారు. ఆ గదిలో ఇంకా చాలా ఏళ్లున్నాను. రాష్ట్రం వచ్చిన రోజు మిరియం మెడలో బంతిపూల దండ వేసింది నేనే. అది సాయంత్రానికి సగం నమిలేసింది.

నిన్న ఆగలేక ఆ కుక్కపిల్ల ఇంటి తలుపు తట్టాను. ఆ కాలేజీ అమ్మాయి అప్పటికే షాంపూ పట్టుకుని నిలబడి ఉంది. సీసా పక్కన పెట్టించి, కుక్కపిల్లను తుడిచి ఆరబెట్టి, దువ్వెన ఆ అమ్మాయి చేతికిచ్చాను. తను తొందరపడి చిక్కు పట్టి లాగింది.

"గుంజకు బిడ్డా. కొసల నుంచి రా" అన్నాను. నా తెనాలి యాస నాకు గుర్తుకే రాలేదు.