డ్రమ్ములో పెట్టిన బండ

తాండూరులో నాది పాత సామాన్ల షెడ్డు. చదువు ఏడో తరగతితో ఆగింది. నేను బడి మానేసిన రోజు మా లెక్కల సారు కొబ్బరికాయ కొట్టి ఉంటాడని నా గట్టి నమ్మకం. పాడైన ఫోన్ల, కంప్యూటర్ల బోర్డులు కొని, షెడ్డు వెనక కాల్చి రాగి తీసేవాణ్ణి. ఆ పొగకు నా భార్యకు దగ్గు పట్టుకుంది. ఒకరోజు సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడింది.

"ఇంకొక్కపారి అగ్గి వెట్టినవనుకో, కోట్‌పల్లికి మా అమ్మగారింటికి పోత. నువ్వూ నీ పొగ కలిసి సంసారం చేస్కోండ్రి."

వికారాబాద్ కాలేజీలో పాఠాలు చెప్పే ఒక మేడం దగ్గర పాత కంప్యూటర్లు కొనడానికి వెళ్లి, ఈ గోడు వెళ్లబోసుకున్నాను. కాల్చకుండా రాగిని కరిగించే సూక్ష్మజీవులు ఉన్నాయన్నారామె. పుల్లటి నీళ్లలో బతుకుతాయట. వాటిని ఒక క్యానులో పోసిచ్చి, గాలి ఆడడానికి చేపల తొట్టి మోటారు పెట్టమన్నారు.

"పులుపు తగ్గనియ్యకన్నా. తగ్గిందంటే అవి బతకయి."

క్యాను నీళ్లు ఒక డ్రమ్ములో పోసి, బోర్డుల ముక్కలు వలసంచిలో కట్టి అందులో వేస్తే, మోటారు బుడగలకు మూట పైకి తేలింది. మా ఊళ్లో అరుగుకు బండ, బట్టలుతకడానికి బండ, నీళ్ల తొట్టి మీద మూతకూ బండే. చేయి దానంతటదే పోయి ఒక నాపరాయి ముక్క తెచ్చి మూట మీద పెట్టింది.

బుసబుసా నురగ! కరెంటు పోయి మోటారు ఆగినా నురగ ఆగలేదు. భార్యను పిలిచి చూపించాను.

"చూసినవా? కరెంటు లేకున్నా పని జేస్తున్నయి. నీ తమ్మునికన్న నయం."

"నా తమ్ముని ముచ్చట తర్వాత. ముందుగాల రాగి జూపెట్టు."

నాలుగు రోజులకు మేడం వచ్చి, పులుపు చూసే కాగితం ముక్క ఒకటి ముంచి, దాని రంగు చూసి ముఖం చిట్లించారు. చేతి తొడుగులు వేసుకుని మూట లాగితే అంచులు అరిగిన బండ బయటపడింది.

"అన్నా, గిది సున్నపురాయి గదా! పులుపంత మింగింది. నువ్వు జూసింది బండ కరిగిన నురగ. జీవులు ఎప్పుడో పోయినయి."

నా భార్య నవ్వలేదు. నాకు అక్కడే భయమేసింది.

"మల్ల కాలుస్తవా?" అంది.

"కాల్చ. మల్ల నానవెడత."

ఆమె మేడం వైపు తిరిగింది. "గీయనకు ఇంకో క్యాను ఇయ్యుండ్రి మేడం. బండల సంగతి నేను జూస్కుంట."

ఈసారి బరువుకు నీళ్లు నింపిన గాజు సీసాలు పెట్టాం. రోజూ ఆమే కాగితం ముంచి రంగు చూసేది. రెండు వారాలకు నీళ్లు నీలిపచ్చగా మారాయి. మేడం చెప్పినట్టు కొన్ని నీళ్లు వడకట్టి అందులో ఇనుప మేకు వేశాం. తీసి చూస్తే దాని ఒంటినిండా ఎర్రటి రాగి పూత. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది, ఒక్కసారి కూడా దగ్గకుండా.

మరునాడు పొద్దున షెడ్డు వెనక మసినంతా చెక్కి, కడిగి, రెండు గుంజలు పాతించింది.

"ఇగ గీడనే బట్టలారేస్త," అంది.

మధ్యాహ్నానికి నా తెల్ల అంగీ అక్కడ తెల్లగానే ఆరింది.