హాలు గోడ

మార్కాపురంలో మా తాత కట్టించిన ఇంటికి వచ్చి, గదుల్లో పలకల మీది బొమ్మలు చూసి వెళ్ళినవాళ్ళకు ఈ కబురు. ఆ గదులు తిప్పి చూపించిన నా భార్య పోయిన నెల చనిపోయింది. మ్యూజియం మూతపడిందని కొందరు అనుకుంటున్నారట. మూతపడలేదు.

తాత పలకల వ్యాపారి. ఆయన ఇంట్లో మ్యూజియం పెట్టాలన్నది ఆమె ఆలోచన. పలకల ఫ్యాక్టరీల్లో కూలీలు అన్నం వేళ పగిలిన ముక్కల మీద గీసి పారేసిన బొమ్మలు ఏళ్ళ తరబడి ఏరుకొచ్చింది. నేను కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ గోడలకు మేకులు కొట్టిపెట్టాను. అంతకు మించి నా పాలు లేదు.

మొదటి పలక ఒక ముసలి కూలీది. బలపంతో గీసిన బర్రె. దుమ్ము పట్టిందని నా భార్య తడిగుడ్డతో తుడిచింది. బర్రె పోయింది. ఆ ఉత్త పలక పట్టుకుని ఫ్యాక్టరీకి పోయి, తప్పు చేశానని చెప్పింది. ముసలామె నవ్వింది.

"పలకంటే తుడిచేదే గదమ్మా. నీ తప్పేముంది?"

ఒక ఇనుప సీల తీసుకుని, అదే పలక మీద మళ్ళీ బర్రెను గీకి ఇచ్చింది.

"ఇప్పుడు తుడువు సూద్దాం."

గుమ్మానికి ఎదురుగా హాల్లో ఉన్న తాత ఫోటో తీసి, నా భార్య ఆ పలక తగిలించింది. కింద ముసలామె పేరు రాసింది. ఆ తర్వాత తెచ్చినవన్నీ గీకినవే; ఏ గదిలోనూ ముట్టుకోవద్దని బోర్డు లేదు. "ముట్టుకోండి, గీసినోళ్ళ చెయ్యి తెలుస్తుంది" అనేది.

గిద్దలూరు నుంచి వచ్చిన మా అన్న ఆ గోడ చూసి ఆగిపోయాడు.

"తాత ఏడమ్మా?"

"వంటింట్లో ఉన్నాడు బావా. హాలు గోడ బొమ్మలు గీసినోళ్ళది. తాత ఏం గీసినాడు?"

"ఈ ఇల్లు కట్టినాడు."

"అందుకే ఇంట్లోనే పెట్టినా."

అన్న అలిగాడు. అయినా తాత ఎదురుగానే కూర్చుని రెండోసారి పప్పు వేయించుకున్నాడు.

పెద్దకర్మ నాడు అన్న ఆమె ఫోటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, దండ వేసి తెచ్చాడు. ప్రేమతోనే తెచ్చాడు. నేను హాల్లోకి వచ్చేసరికి బర్రె పలక కిందికి దిగి ఉంది. దాని మేకుకు నా భార్య ఉంది.

"ఆమె పెట్టిన మ్యూజియం రా. ఆమె ఉండాల్సింది ఈడనే."

"ఆమె బొమ్మలు గీయలేదన్నా."

"ఏంది రా నువ్వు? పెండ్లాం ఫోటోకు గోడ లేదా నీ ఇంట్లో?"

"ఉంది. వంటింట్లో."

బంధువులంతా చూస్తుండగా ఫోటో దించి, పలకను దాని చోట తగిలించాను. బతికున్నన్నాళ్ళూ ఆమె మాటకు అడ్డం చెప్పాను, సగం సార్లు ఊరికే. ఈ ఒక్క మాటకు చెప్పను. ఇంకెవరు చెప్పినా వినను. మర్నాడు పొద్దున వీధి తలుపు తీశాను. ఆ రోజు నుంచి రోజూ తీస్తున్నాను.

టీ ఇప్పుడు నేనే కాచుకుంటాను. పొయ్యి పైన గోడకు తాత, పక్కన ఆమె. ఆవిరి లేచి ఆమె అద్దాన్ని కమ్ముతుంది. నేను తుడవను. గ్లాసు పట్టుకుని నిలబడతాను. ముందు నుదురు, తర్వాత కళ్ళు, తనే మెల్లగా బయటికి వస్తుంది.