నా ఫోన్‌లో మామా ఇల్లు

ఆ రోజుల్లో నాకు రాని పని లేదు. రాదని ఒప్పుకోవడం ఒక్కటే రాదు. ఎనిమిదో తరగతిలో బడికీ నాకూ పడక (తప్పు బడిదేనని ఇప్పటికీ నా వాదన) బయటపడి, కొన్నాళ్ళు పెళ్ళిళ్ళకు సీరియల్ లైట్లు కట్టి, చివరికి కువైట్‌లో ఒక ఇంట డ్రైవరునయ్యాను. ఇంటావిడను అందరిలాగే మామా (అక్కడ అమ్మను అలా అంటారు) అనేవాణ్ణి. అప్పటికి రాయచోటి దగ్గర మా ఊళ్ళో నా కూతురికి పది నెలలు. దాన్ని ఫోన్‌లో తప్ప చూసింది లేదు. సెలవు అడిగినప్పుడల్లా మామా "బాదేన్, బాదేన్" అనేది. తర్వాత చూద్దామని.

అంతలో మామా, గోడల్లో పెడితే ఫోన్‌తో లైట్లు వెలిగించే బుల్లి డబ్బాలు ఒక పెట్టెడు కొనుక్కొచ్చింది. బిగించే మనిషి రెండు వారాలదాకా రాడట. "నేను బిగిస్తా మామా, అయినాక సెలవియ్యి" అన్నాను. సరేనంది. వంట చేసే కోనసీమ అక్క గరిట పట్టుకుని వచ్చి, "కారుకి గాలి కొట్టించడం కాదు తమ్ముడూ ఇది. అందర్నీ కాల్చేత్తావేమో, ఆయ్!" అంది. "పెండ్లి పందిళ్ళే ఎలిగించినోన్ని అక్కా, ఇదొక లెక్కా?" అన్నాను.

మెయిన్ ఆపి, వీడియో చూసుకుంటూ, నాలుగు రోజులు తీగలు కలిపాను. (మొదటిసారి మెయిన్ వేయగానే టప్పుమని ఇల్లంతా ఆరిపోయింది. ఫ్రిజ్‌లోని చేపలతో సహా అందరూ నన్నే చూశారు.) చూపుకు బాగుంటుందని పాత స్విచ్చులన్నీ పీకేసి, మూతలు బిగించి, గోడలు నున్నగా చేశాను. ఫోన్ నొక్కగానే హాలు దేదీప్యమానమైంది. మామా చప్పట్లు కొట్టి, "యల్లా, ఇప్పుడు నా ఫోన్‌లో పెట్టు" అంది. నా చదువు అక్కడ ఆగింది. అన్నీ నా నంబరు మీద, నా ఫోన్‌లోనే ఎక్కించాను. ఇంకొకరికి ఇచ్చే సంగతి వీడియోలో చివర ఉందట. చివరిదాకా చూసే అలవాటు నాకెప్పుడుంది?

అక్క కడుపు పట్టుకుని నవ్వింది. "ఓరి నీ తెలివి తగలెయ్య! నువ్వూరెళ్తే ఇల్లంతా చీకటే. ఇంక నిన్నెవరు పంపుతార్రా?"

నిజంగానే మామా పంపనంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. మర్నాడు షర్క్ పేటలోని చేపల మార్కెట్లో నిలబడి, "ఇప్పుడు చూడు మామా" అని ఫోన్ చేసి హాల్లో లైటు వెలిగించాను. ఇక్కణ్ణుంచి వెలిగినప్పుడు మా ఊరి నుంచి వెలగదా? సెలవు దొరికింది. అడిగినప్పుడల్లా నొక్కాలని షరతు.

ఊరికెళితే నా కూతురు నన్ను చూసి గుక్కపట్టింది. రెండు రోజులు దగ్గరికే రాలేదు. నా భార్య, "బిడ్డ ఏడుస్తాంటే నువ్వు ఆడ బల్బులార్పుతాండావు. ఆ యమ్మింట్లోనే ఉండిపోకూడదా?" అంది. మూడో రోజు సాయంత్రం మామా ఇంటికి చుట్టాలొచ్చారు, హాల్లో లైట్లు వెయ్యమంది. ఫోన్ తెరిచానో లేదో, మెరిసే బొత్తాలు చూసి నా కూతురు పాక్కుంటూ వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. నొక్కింది. మళ్ళీ నొక్కింది. నేను ఫోన్ దానికి అందేలా పట్టుకుని కూర్చున్నాను.

వెంటనే మామా ఫోన్. బిడ్డ చేతిలో ఉండగానే స్పీకరు వేశాను. "వల్లా! లైట్లు ఆరుతున్నాయి, వెలుగుతున్నాయి! ఇంట్లో జిన్ను దూరిందని చుట్టాలు చెప్పులు వెతుక్కుంటున్నారు!"

"జిన్ను కాదు మామా, నా బిడ్డ. ఇప్పుడే మొదటిసారి నా దగ్గరికొచ్చింది. ఫోన్ లాక్కుంటే ఎళ్ళిపోతాది."

అవతల మామా ఆ మాట చుట్టాలకు చెప్పడం వినిపించింది. తర్వాత ఆడవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. "ఖల్లీహా" అంది మామా. ఉండనీ అని. ఆ సాయంత్రం వాళ్ళు ఆరుతూ వెలుగుతున్న హాల్లోనే చాయ్ తాగారట.

తిరిగొచ్చాక తెలిసింది, మామా ఫోన్‌కు అప్పగించడం రెండు నొక్కుల పనేనని. అది ముందే తెలిసేంత తెలివి నాకుండుంటే, నా కూతురు నా ఒళ్ళోకి రావడానికి ఇంకెన్ని రోజులు పట్టేదో.