మేస్త్రికి ఆలస్యంగా చూపిన ప్లాను

మా అక్క ఇంటికి ప్లాను గీస్తున్న రోజుల్లో వడ్రంగి మేస్త్రి మా ఇంటికి నాలుగుసార్లు వచ్చాడు. డైరీలో నాలుగు చోట్లా దాదాపు ఒకే వాక్యం రాసుకున్నాను: "మేస్త్రి వచ్చాడు. ప్లాను ఇంకా కాలేదని చెప్పి పంపాను."

అక్కది సముద్రానికి దగ్గరి ఊరు. గాలివానకు ఆమె పెంకుటిల్లు కూలిపోయింది. బావ లేడు. ఆమె రేకుల షెడ్డులోకి మారింది. అదే సమయంలో రోడ్డు వెడల్పు చేయడానికి ఆమె గట్టు మీది పదహారు తాటిచెట్లు కొట్టెయ్యాలన్నారు. నా పాత స్నేహితుడి కూతురు నెల్లూరులో ఆర్కిటెక్టు. ఆ చెట్లతోనే ఇంటి చట్రం కట్టవచ్చని ఆ అమ్మాయి అంది. సిమెంటూ ఇనుమూ తయారుచేస్తే గాలిలోకి ఎంతో కర్బనం చేరుతుందట, కలప మాత్రం తాను పీల్చుకున్న దాన్ని ఇల్లు నిలిచినన్నాళ్లూ లోపలే పెట్టుకుంటుందట. అక్కకు ఇదంతా పట్టలేదు. తన చెట్లు తన నెత్తిమీదే ఉంటాయన్న మాట ఒక్కటే నచ్చింది.

మేస్త్రిది అక్క ఊరే. చిన్నప్పటి నుంచి నన్ను అన్నా అనే పిలిచేవాడు. తాటి దూలాలతో ఇంటి కప్పు నిలబెట్టడం తెలిసినవాడు ఆ చుట్టుపక్కల అతనొక్కడే మిగిలాడు. శ్లాబు ఇళ్లు వచ్చాక తలుపులు చేశాడు. రెడీమేడ్ తలుపులు వచ్చాక అదీ లేదు. అప్పటికే గుండె జబ్బు. "పోయేలోపల ఇంకొక్క చట్రం ఎత్తాలక్కా" అని అక్కతో అన్నాడట. "ఈ ఇల్లు నీదే పోరా" అని అక్క మాటిచ్చింది.

ప్లాను గీయడానికి మా ఇంట్లో కూర్చున్న మొదటి రోజే ఆర్కిటెక్టు అమ్మాయి చెప్పింది. "అంకుల్, గోడలు గీయకముందే మేస్త్రి గారిని కూర్చోబెట్టుకుందాం. చెక్క ఇంటికి సగం ఆలోచన ఆయన దగ్గరే ఉంటుంది."

నేను ఒప్పుకోలేదు. ముప్ఫై ఏళ్లకు పైగా డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసినవాణ్ణి. పూర్తికాని డ్రాయింగు ఆఫీసు దాటకూడదన్నది నాకు అన్నం పెట్టిన నియమం. పాత కాగితం పట్టుకుని ఒక కల్వర్టు తప్పుగా కట్టేసిన సంగతి ఆ అమ్మాయికి చెప్పాను. "రేపు మనం గీత మారుస్తాం, వాళ్లు పాత గీతకే కోస్తారమ్మా. ఫెయిర్ చేసి ఇద్దాం" అన్నాను. పెద్దవాణ్ణని ఊరుకుంది.

మేస్త్రి మూడోసారి వచ్చినప్పుడు కాఫీ తాగి గ్లాసు కింద పెడుతూ అన్నాడు: "ఏందన్నా, నీ ప్లానేమన్నా పెళ్లికూతురా? ముస్తాబు కాందే బయటికి రాదా?"

అందరం నవ్వాం. ఏదో చెప్పడానికి వచ్చాడని నాకు తోచలేదు. అతనూ చెప్పలేదు. ప్లాను చూపించకుండా సలహా చెప్పడం అతని మర్యాదకు సరిపడేది కాదు.

వానల కాలం దగ్గరపడుతోందని అక్క తొందరపెట్టింది. స్తంభాలకు కాంక్రీటు దిమ్మెలు పోయించేశాం. ఆరంభ ప్రార్థనకు పాస్టరు గారు ఊళ్లో లేకపోవడంతో అది దిమ్మెలు ఆరిన తరువాత పెట్టుకున్నాం. మేస్త్రికి ఫెయిర్ ప్లాను ఆ రోజే ఇద్దామని చుట్ట చుట్టి తీసుకెళ్లాను.

పాస్టరు గారు ప్రార్థన చేస్తూ ఉంటే ఇసుకలో అడుగుల చప్పుడు వినిపించింది. కళ్లు తెరిచాను. మేస్త్రి ఒక దిమ్మె నుంచి ఇంకో దిమ్మెకు అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తున్నాడు. ఆమెన్ అన్నాక నా దగ్గరికి వచ్చాడు.

"కంభానికీ కంభానికీ పన్నెండు అడుగులు పెట్టినారా అన్నా?"

"అవును. ఎందుకు?"

"ఈ చెట్లు ముదర్లేదు. కింద పదడుగులే చేవ, దూలానికి పనికొచ్చేది అంతే. ఆ పైనంతా బెండు. గొడ్డలి మడమతో ఒక్కోదాన్నీ కొట్టి చూసినా గదా. సున్నంతో గీతలు గూడా పెట్టినా."

ఆ సున్నపు గీతలు నేనూ చూశాను. రోడ్డు వాళ్లు పెట్టుకున్న గుర్తులనుకున్నాను. మేము కొలిచింది చెట్ల ఎత్తు మాత్రమే.

అతికితే కుదరదా అని అడిగాను. "ఈ గాలికి అతుకు నిలబడదన్నా." మధ్యలో ఇంకో స్తంభం? "అప్పుడు తలుపు యాడ పెడతావు, కంభంలోనా?" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆర్కిటెక్టు అమ్మాయి దిమ్మెలు పగలగొట్టి మళ్లీ పోద్దామంది. తనే లెక్క చూసుకుని మెల్లగా చెప్పింది, అలా చేస్తే మిగుల్చుదామనుకున్న సిమెంటంతా అక్కడే పోతుందని. అక్క షెడ్డు వైపు చూసింది. మేస్త్రి కూడా అటే చూశాడు.

"వొద్దులే పాపా. అక్క వానలో తడవకూడదు. ఇనప దూలాలు యెయ్యండి" అన్నాడు.

నా చేతిలోని ప్లాను అతనికి ఇవ్వలేదు. అతనూ అడగలేదు. ఇల్లు ఇనుముతో లేచింది. తాటిచెట్లు కొట్టి ఇటుక బట్టీకి తోలుకుపోయారు. గృహప్రవేశానికి మేస్త్రి వచ్చి, పైకి చూడకుండా భోంచేసి వెళ్లాడు.

వానలు వెనకబట్టాక అతని ఇంటికి వెళ్లాను. వేపచెట్టు కింద మంచం మీద కూర్చున్నాడు. కాళ్లు వాచి ఉన్నాయి. ఎలా అడగాలో తెలియక, అడగవలసిన మాట అప్పుడు అడిగాను.

"నువ్వయితే ఎట్టా కట్టేవాడివి మేస్త్రీ?"

మంచం దిగాడు. ఇసుకను అరచేత్తో చదును చేసి వేలితో గీయడం మొదలుపెట్టాడు. తొమ్మిది అడుగులకు ఒక కంభం. ఇల్లు సన్నంగా, పొడుగ్గా, గాలికి ఓరగా. దక్షిణం వైపు వసారా కిందికి వంగి ఉంటుంది. దూలాన్ని తొలవకూడదు, చేవ అంతా అంచునే ఉంటుంది, కంభం తలలోనే గాడి తీసి కూర్చోబెట్టాలి. చెప్తూ ఉంటే నేను డైరీలో దించుకుంటున్నాను. ఉత్తరం వైపుకు వచ్చేసరికి ఆయాసం వచ్చింది.

"అటుపక్క ఇంకో ఉపాయం, ఇకమతు ఉండాది. రేప్పొద్దున చెప్తా, రా అన్నా."

పొద్దున్నే వెళ్లాను. తెల్లవారకముందే నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయారని పక్కింటివాళ్లు చెప్పారు. మూడో రోజు శవాన్ని తెచ్చారు.

దినాలు అయ్యాక ఆర్కిటెక్టు అమ్మాయి వచ్చింది. కోవూరు దగ్గర ఇంకో చెక్క ఇల్లు అడుగుతున్నారట. డైరీలో ఆ పేజీ చూపించాను. ఉత్తరం వైపు ఖాళీగా ఉన్నచోట వేలు పెట్టింది.

"ఉత్తరం వైపు ఏం చేద్దామనుకున్నారు అంకుల్?"

తెలియదమ్మా అన్నాను.