పేరు పెట్టి పిలవని మామ

మొన్న మంగళవారం మా మేనమామ పోయాడని అత్త ఫోన్ చేసింది. హనుమకొండలో ఏటూరునాగారం బస్సెక్కి కూర్చున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు. నాకు దుప్పి వేట నేర్పబోయిన మనిషి ఆయన. నేర్పబోయిన అని ఎందుకంటున్నానో చెప్తాను.

ఏడేళ్ల కింద నాకొక పిచ్చి పట్టింది. వారం వారం నల్ల కవర్లో కోడిమాంసం తెచ్చుకునేవాణ్ణి, తినేదాన్ని నా చేత్తో నేనే కొట్టి తేవాలనుకున్నాను. వేట నేరమని తెలుసు. తెలిసే మామను కాల్చుకుతిన్నాను. ఆయన వయసులో ఉన్నప్పుడు కోయ దోస్తుల దగ్గర విల్లు నేర్చాడు, ఇంట్లో ఆకలికి. మానేసి చాలా ఏళ్లయింది.

"బ్యాంకుల పనిచేసెటోళ్లకు గూడ ఆకలైతదా అల్లుడా?" అని నవ్వాడు. నన్నెప్పుడూ అల్లుడా అనేవాడు. పేరు పెట్టి పిలిచింది లేదు.

నాలుగు ఆదివారాలు విల్లు ముట్టనివ్వలేదు. పిడికెడు బూడిద వదిలి గాలి ఎటు పోతుందో చూడమనేవాడు. సబ్బుతో స్నానం చేసి వచ్చానని ఒకసారి బస్సు దగ్గరి నుంచే వెనక్కి పంపాడు. "నీ వాసన నీకన్న ముందు పోతాంది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అడవిలో ఈల వెయ్యాలి, లేదా చెయ్యి చూపాలి, పేర్లు పలకకూడదు. "నీ పేరు ఇనవడినా పలుకకు. అడవికి మన పేర్లు తెల్వద్దు." ముసలాయన చాదస్తం అనుకున్నాను.

ఐదో ఆదివారం పొద్దున వాగు దగ్గర దుప్పి కనిపించింది. విల్లు నా చేతిలో ఉంది. మామ నాలుగడుగుల ముందు కూర్చున్నాడు, ఆయన వీపు నాకు కనిపిస్తూనే ఉంది. అప్పుడు నా వెనక నుంచి మామ గొంతు నన్ను పేరు పెట్టి పిలిచింది. రోజంతా ఫోన్లకు జవాబు చెప్పే నోరు, ఆగుతుందా? "ఆఁ మామా" అనేశాను.

మీరు నమ్మండి, మానండి, దుప్పి పారిపోలేదు. తలెత్తి నా వెనక ఎవరినో చూసింది, మళ్లీ నీళ్లు తాగింది. మామ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నా రెక్క పట్టుకుని ఊరిదాకా ఈడ్చుకొచ్చాడు.

"ఇంకోపారి పిలుస్తది. నువ్వు మల్ల అడవికి రాకు. నేను చూసుకుంట, ఫికర్ చెయ్యకు."

అప్పటినుంచి ఎప్పుడు వెళ్లినా బస్సు దగ్గరే ఎదురొచ్చి, నన్ను ఊరు దాటి అడవి వైపు పోనిచ్చేవాడు కాదు. "ఎవలన్న పిలిచిన్రా?" అని మెల్లగా అడిగేవాడు. లేదంటే "మంచిది" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

దహనం అయ్యాక అత్త చెప్పింది. "చాయ్ తాక్కుంట దిగ్గున తలెత్తిండు బిడ్డా. 'ఎవలో పిలుస్తాన్రే' అన్నడు. నాకేం ఇనవడలే. 'నిన్నా?' అన్న. 'నన్ను గాదు, అల్లున్ని. వాడు మల్ల పలుకుతడు, ఎడ్డోడు' అన్నడు. 'ఆఁ, వస్తాన' అనుకుంట లేశిండు. రెండడుగులేసి పడ్డడు."

నాకోసం వచ్చిన పిలుపుకు ఆయన పలికాడు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా వాగు దగ్గరికి వెళ్లాను. పిలిస్తే పలుకుదామనే వెళ్లాను. ఏమైనా కానీ, ఆ గొంతు ఒక్కసారి వినాలనిపించింది. ఎండ ఎక్కేదాకా నిలబడ్డాను. నన్నెవరూ పిలవలేదు. దుప్పులు వచ్చాయి, అక్కడ మనిషే లేనట్టు నా ముందే నీళ్లు తాగి వెళ్లిపోయాయి.