ఒక్క లాగుడుకే రావాల్సిన జెండా

మా పట్టుపురుగులు జాతీయగీతం వినబడితే ఆకు నమలడం ఆపేసి తల పైకెత్తి నిలబడతాయి. కెలమంగలం సంతలో ఈ మాట ఎందరికి చెప్పినా ఒక్కరూ నమ్మలేదు. పొర విడిచే ముందు ఏ పురుగైనా తల ఎత్తుతుందని నా భార్య అడ్డుపడుతుంది.

ఇలాంటి కోతలు కోసే నాకే మా ఊరివాళ్లు ఏటా ఆగస్టు పదిహేనుకు జెండా కట్టే పని అప్పగించారు. మడతల్లో తళి తోటల నుంచి వచ్చే గులాబీల రేకులు పోసి, ముడి వేసి, కంబం పైకి చేరుస్తాను. పొద్దున బడి పెద్ద టీచరమ్మ తాడు లాగుతారు. జెండా రాదు. పిల్లలు "ఒగటీ, రెండూ" అని లెక్కపెడతారు. ఒక ఏడాది లెక్క పదకొండు దాకా పోయింది. బయట చెప్పేటప్పుడు నేను ముప్పై అంటాను.

పోయిన ఏడు టీచరమ్మ ముందురోజే మా ఇంటికి వచ్చారు.

"ఏమప్పా, ఇదే నా కడపటి జెండా. వచ్చే నెల రిటైర్ అయితా ఉండాను. ఈ ఒక్కతూరి ఒగే లాగుడుకు రానీయప్పా."

"మీరు తాకితే చాలు టీచరమ్మా, వచ్చేస్తుంది" అన్నాను.

"నమ్మొద్దమ్మా" అంది లోపలినుంచి నా భార్య. "ఈయప్ప మూట కడితే విప్పేదానికి నేను కొడవలి ఎత్తుకోవాల."

నాకు రోషం వచ్చింది. నూలుతాడు పక్కన పడేసి పట్టుదారంతో జారుముడి వేశాను.

పొద్దున సన్నటి తుంపర. టీచరమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చి, చెప్పులు విడిచి, తాడు కోసం చెయ్యి చాపారు. గాలి కొట్టింది. చెయ్యి ఇంకా జానెడు దూరంలో ఉండగానే జెండా విచ్చుకుంది. రేకులన్నీ నా నెత్తిన పడ్డాయి. లెక్కపెట్టడానికి తెరిచిన పిల్లల నోళ్లు అట్లాగే ఉండిపోయాయి.

టీచరమ్మ ముఖం చిన్నబోయింది.

"నేను లాగనే లేదు కదప్పా."

"లాగినారు టీచరమ్మా! ఈడనే నిలబడి చూసినాను. ఒగే లాగుడు!"

నా మాట నమ్మేవాళ్లు ఊళ్లో లేరు.

"అవునమ్మా, నేనూ చూసినాను" అంది నా భార్య.

అంతే, ఊరంతా అందుకుంది. "లాగినారు, లాగినారు!"

టీచరమ్మకు నవ్వు ఆగలేదు. అప్పుడు తాడు గట్టిగా పట్టుకుని, తలెత్తి, జెండాకు వందనం చేశారు.

మిఠాయిలు పంచేటప్పుడు నా చేతిలో రెండు పెట్టారు.

"ఒగటి ముడికప్పా. ఇంకొగటి ఆ మాటకు."

రెండోది ఇంటికి తెచ్చి నా భార్యకు ఇచ్చాను.